డల్లాస్ దూరమీమాంస

గ్రంథావతారిక

మనవైపు ఒక ఇంటివాళ్ళు అమెరికా బయల్దేరుతున్నారంటే, చూసిపోదామని వచ్చిన ప్రతివాళ్ళూ మూడు ప్రశ్నలు అడుగుతారు. వీసా ఎన్నాళ్ళకిచ్చారు? టికెట్టు ఎంతయింది? ఎన్ని గంటలు పడుతుంది? మొదటిదానికి కాన్సులేటు ప్రమాణం. రెండోదానికి క్రెడిట్ కార్డు బిల్లు ప్రమాణం. మూడోదానికి మాత్రం ఇంతవరకు శాస్త్రం లేదు. అందుచేత ఒకే ఇంట్లో, ఒకే ప్రయాణానికి, ఒకే సాయంత్రం రకరకాల జవాబులు వినిపిస్తుంటాయి. "ఇరవై రెండు గంటలండీ" అంటాడు కొడుకు. "తెల్లవారుజామున ఎక్కితే ఆ మధ్యాహ్నానికే దిగడం" అంటారు తండ్రిగారు. "రెండు రోజులే తల్లీ, రెండు రోజులూ కంటిమీద కునుకు లేదు" అంటుంది కిందటేడు వెళ్ళొచ్చిన పెద్దమ్మ. ముగ్గురిలో ఒక్కరూ అబద్ధమాడటం లేదు. అబద్ధం లేకుండానే మూడు జవాబులున్నాయంటే అక్కడ శాస్త్రానికి పని పడిందన్నమాట. ఈ గ్రంథం అందుకు పుట్టింది.

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పుకోవాలి. విషయమేమంటే, శంషాబాద్ విమానాశ్రయానికీ డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికీ నడిమి దూరం, దాన్ని దాటడానికి పట్టే కాలం. ప్రయోజనమేమంటే, అడిగినవాళ్ళకు తడుముకోకుండా జవాబు చెప్పగలగడం. అధికారి ఎవరంటే, కొడుకో కూతురో ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ప్లానోలోనో ఉండి, పాస్‌పోర్టు బీరువాలో పట్టుచీరల కింద దాచుకున్నవారు ఉత్తమాధికారులు. తక్కిన వారందరూ వీడ్కోలు చెప్పేవారు కాబట్టి మధ్యమాధికారులు. సంబంధం సంగతి వేరే చెప్పక్కర్లేదు. డల్లాస్‌లో చుట్టరికం లేని తెలుగు ఇల్లు చూపించే బాధ్యత ప్రతివాదిది.

ప్రథమాధ్యాయం: దూరం

*సూత్రం: దూరం ఒక్కటే, అది ఎవరూ పోని దారిన ఉంది.*

వ్యాఖ్య. గోడ మీద వేలాడే ప్రపంచపటం చూసి దూరం కొలవడం పామరలక్షణం. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో తయారైన పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు. అటువంటి పటం మీద హైదరాబాదు నుంచి డల్లాస్‌కు స్కేలు పెట్టి గీస్తే ఆ గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోతుంది. మన పెద్దలు ఇప్పటికీ అమెరికా అనగానే చెయ్యి పడమటికి చాపడానికి ఈ పటమే కారణం.

ప్రత్యక్ష ప్రమాణం కావాలంటే పిల్లల పుస్తకాల షాపులో ఒక గ్లోబు కొని, ఇంట్లోంచి ఒక దారం తెచ్చుకోవాలి. దారం ఒక కొసను హైదరాబాదు మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొసను డల్లాస్ మీద పెట్టి బిగించి లాగాలి. వదులుగా ఉన్నంతసేపూ దారం అట్లాంటిక్‌లో ఈదుతుంది. బిగించేకొద్దీ గుండ్రటి గ్లోబు మీద జారి పైకి పోయి, చివరికి గ్లోబును నిలబెట్టిన ఇరుసు మేకు పక్కకు చేరి అక్కడ ఆగుతుంది. అదే దగ్గర దారి. పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు.

ఈ దారి ఏయే ఊళ్ళ మీదుగా పోతుందో లెక్క కట్టి చూస్తే శాస్త్రకారుడికే ఒళ్ళు జలదరిస్తుంది. శంషాబాదులో లేచిన దారం దాదాపు ఢిల్లీ నడినెత్తి మీదుగా, కార్గిల్ ప్రాంతం దాటి, 8,611 మీటర్ల కే2 శిఖరం మీదుగా పోతుంది. అక్కడి నుంచి చైనాలోని కాష్గర్, రష్యాలోని ఓమ్‌స్క్, యమాల్ ద్వీపకల్పం, ఫ్రాంజ్ జోసెఫ్ దీవులు. ఉత్తర ధ్రువానికి అయిదు డిగ్రీల లోపు దాకా వెళ్ళి అవతలి పక్కకు వాలుతుంది. కెనడాలో ఎల్స్‌మియర్ దీవిని, హడ్సన్ అఖాతాన్ని దాటి, ఒమాహా మీదుగా డల్లాస్‌లో దిగుతుంది. ఢిల్లీ, కాష్గర్, ఓమ్‌స్క్, ఒమాహా. ఈ నాలుగు ఊళ్ళూ ఒకే వరసలో ఉన్నాయని చెప్పిన భూగోళం మాస్టారిని ఈ రచయిత ఇంతవరకు చూడలేదు.

కారణం సులభం. హైదరాబాదు 78 తూర్పు రేఖాంశం దగ్గర, డల్లాస్ 97 పశ్చిమ రేఖాంశం దగ్గర. రెంటి మధ్య 175 డిగ్రీలకు పైగా ఎడం, అంటే భూమికి ఇంచుమించు వీపు–వీపు. వీపు వైపుకు పోవాలంటే పక్కగా చుట్టి రావడం కన్నా తల మీదుగా పోవడం దగ్గర.

యోజనాల్లో చెప్పమనే సంప్రదాయజ్ఞులు కొందరుంటారు. భూమి వ్యాసం 1,050 యోజనాలని ఆర్యభటుడన్నాడు. నేటి కొలతలో అది 12,700 కిలోమీటర్ల పైచిలుకు. ఆ లెక్కన ఒక యోజనం 12 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. డల్లాస్ దూరం దాదాపు 1,190 యోజనాలు. హనుమంతుడు సముద్రం మీద దాటింది నూరు యోజనాలు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి మొక్కు తీర్చుకోవడానికి పోయే భక్తుడు స్వామివారు దాటినదానికి పన్నెండు రెట్లు దాటి పోతున్నాడని గమనించాలి. అయినా స్వామివారికీ దారిలో ఆటంకాలు తప్పలేదు. మైనాకుడు లేచి కాసేపు ఆగి పొమ్మన్నాడు. సురస నోట్లోకి దూరి బయటికి రానిదే ముందుకు పోనివ్వనంది. ట్రాన్సిట్టు, ఇమ్మిగ్రేషను రెండూ అనాదిసిద్ధాలేనని ఇందువల్ల తేలుతున్నది.

ద్వితీయాధ్యాయం: దిక్కు

*సూత్రం: ఇరువైపుల వారికీ ఉత్తరమే.*

వ్యాఖ్య. ప్రయాణానికి వారశూల చూడటం మన ఆచారం. సోమ, శనివారాలు తూర్పుకూ, మంగళ, బుధవారాలు ఉత్తరానికీ, గురువారం దక్షిణానికీ, శుక్ర, ఆదివారాలు పడమటికీ పనికిరావు. ఇంతకాలం అమెరికా పడమర అనుకుని మన పెద్దలు శుక్రవారం, ఆదివారం టికెట్లు మాన్పిస్తూ వచ్చారు. ప్రథమాధ్యాయం చదివిన తర్వాత ఈ ఆచారం నిలవదు. దగ్గర దారిన పోతే హైదరాబాదులో లేచిన విమానం ముక్కు ఉత్తరానికి అయిదు డిగ్రీలు మాత్రమే పడమటికి ఒరిగి ఉంటుంది. అంటే డల్లాస్ మనకు ఉత్తర దిక్కు. కనుక మాన్పించవలసింది మంగళ, బుధవారాల టికెట్లు.

ఇక్కడొక చిక్కుంది. మంగళ, బుధవారాల్లో టికెట్లు తరచుగా చవకగా దొరుకుతాయి. ఈ విషయంలో ధర్మశాస్త్రం ఒకవైపు, అల్లుడుగారు ఒకవైపు నిలబడతారు. పరిహారం ఉంది. దోహా మీదుగానో దుబాయి మీదుగానో పోయేవాళ్ళు మొదట వెళ్ళేది నిజంగా పడమటికే. కనుక వాళ్ళకు మంగళవారం నిర్దోషం. వారశూల తప్పించుకోవడానికి 1,200 కిలోమీటర్లు చుట్టు తిరిగే పుణ్యం గల్ఫ్ విమానాలకే దక్కింది.

తిరుగు ప్రయాణానికి శూల ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. డల్లాస్ నుంచి హైదరాబాదుకు దగ్గర దారి కూడా ఉత్తరం మీదుగానే మొదలవుతుంది. దారం మళ్ళీ బిగించి చూసుకోవచ్చు. పోయేటప్పుడూ ఉత్తరమే, వచ్చేటప్పుడూ ఉత్తరమే. ఒకే దారిలో రెండు కొసల వాళ్ళూ ఒకే దిక్కుకు బయల్దేరి ఒకరినొకరు చేరుకునే ఈ వింత మన ముహూర్త గ్రంథాల్లో ఎక్కడా లేదు. ఉండి ఉంటే వియ్యంకుల మధ్య సగం తగువులు తీరేవి.

శయనదిక్కు విచారం. ఉత్తరానికి తల పెట్టి పడుకోరాదని పెద్దల మాట. విమానంలో ప్రయాణికుడు ముందుకు చూస్తూ వెనక్కి వాలతాడు. ఉత్తరానికి పోతున్నంతసేపూ కాళ్ళు ఉత్తరం, తల దక్షిణం. దోషం లేదు. ధ్రువం పక్క నుంచి అవతలికి వాలగానే విమానం దక్షిణానికి తిరుగుతుంది, తల ఉత్తరానికి పోతుంది. అక్కడి నుంచి నిద్ర నిషిద్ధం. సీటు నిటారుగా పెట్టుకుని, తలపాగా సర్దుకుని, సినిమా చూడాలి. ఎకానమీ సీటులో నిద్ర పట్టని వారందరూ తెలియకుండానే ఈ నియమం పాటిస్తున్నారు.

తృతీయాధ్యాయం: పూర్వపక్షాలు

ప్రథమ పూర్వపక్షం. దగ్గర దారి అంత చక్కగా ఉండగా విమానాలు దాన్ని ఎందుకు పట్టుకోవు?

సమాధానం నాలుగు విధాలు. ఒకటి, పర్వతం. విమానం పది, పన్నెండు వేల మీటర్ల ఎత్తున పోతుంది గనుక కే2 దానికి అడ్డు కాదు. అయితే క్యాబిన్లో గాలి పీడనం పోతే పైలట్ గబగబా మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి. హిమాలయ, కారకోరం శ్రేణుల మీద అలా దిగితే కొండలోకే దిగినట్టు. అందుకని అటువైపు దారులు తక్కువ, జాగ్రత్తలు ఎక్కువ. రెండు, చలి. విమానాల్లో వాడే జెట్ ఏ-1 ఇంధనం సున్నాకు 47 డిగ్రీల కింద గడ్డకట్టడం మొదలెడుతుంది. ధ్రువం మీద పోయేటప్పుడు పైలట్లు ఇంధనం వేడిమిని కనిపెట్టి చూస్తుండాలి. మూడు, రాజులు. 2022 నుంచి అమెరికా కంపెనీలకు రష్యా గగనతలం మూత. 2025 ఏప్రిల్ నుంచి మన కంపెనీలకు పాకిస్తాన్ గగనతలం మూత. దారం గ్లోబు మీద ఎక్కడ పడితే అక్కడ పోగలదు గాని, విమానం ప్రతి సరిహద్దులోనూ అనుమతి అడగాలి.

నాలుగోది వ్యాపారం. 14,400 కిలోమీటర్లు ఒక్క ఊపున పోవడం అసాధ్యమేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం 18 గంటలకు పైగా విరామం లేకుండా ఎగిరే విమానాలున్నాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి షికాగోకు నేరుగా విమానం వేసింది, 13,000 కిలోమీటర్ల పైచిలుకు. ఆ నెలలోనే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ సారథ్యంలో అందరూ మహిళా పైలట్లే ధ్రువం మీదుగా నడిపారు. షికాగో విమానం తర్వాత ఆగిపోయింది. అంత దూరం పోవాలంటే మొదటి గంటల్లో కాల్చే ఇంధనంలో మంచి భాగం చివరి గంటల ఇంధనాన్ని మోయడానికే సరిపోతుంది. అందుకే మధ్యలో ఎడారి ఊళ్ళో దింపి, నాలుగు దిక్కుల జనాన్నీ ఒకచోట పోగేసి, మళ్ళీ ఎక్కించే కంపెనీలదే రాజ్యం. హైదరాబాదు నుంచి దోహా 2,900 కిలోమీటర్లు, దోహా నుంచి డల్లాస్ 12,700. కలిపితే 15,600. దగ్గర దారి కన్నా 1,200 ఎక్కువ. ఈ 1,200 కిలోమీటర్లు శంషాబాదు నుంచి ఢిల్లీ దూరానికి ఇంచుమించు సమానం. టికెట్టు వెలలో అది వేరే అంకెగా కనిపించదు.

ద్వితీయ పూర్వపక్షం. ఇది ప్రతి వీడ్కోలు సభలోనూ రిటైరయిన ఒక పెద్దాయన వేసేది. "భూమి తనంతట తాను తిరుగుతోంది గదా. మరి విమానం పైకి లేచి ఊరికే నిలబడితే డల్లాసే కిందికి రాదుటయ్యా?"

దీన్ని తేలిగ్గా తీసిపారేయరాదు. లెక్క ప్రకారం చూస్తే శంషాబాదు మీద కదలకుండా నిలబడినవాడి కిందికి డల్లాస్ రేఖాంశం దాదాపు 11 గంటల 40 నిమిషాల్లో వచ్చి తీరాలి. టికెట్టు కాలంలో సగం. పైగా ఇది చిన్నవాళ్ళు వేసిన ప్రశ్న కాదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని ఆర్యభటుడు అన్నప్పుడు, అలాగైతే ఆకాశంలోకి ఎగిరిన పక్షులు తిరిగి తమ గూళ్ళకు ఎలా చేరతాయని వరాహమిహిరుడు అడిగాడు. అంటే మన పెద్దాయన తెలియకుండానే వరాహమిహిరుడి పక్షాన నిలిచాడు. సమాధానం ఏమంటే, గాలి కూడా భూమితో కలిసే తిరుగుతుంది, గాలిలోని పక్షీ తిరుగుతుంది, విమానమూ తిరుగుతుంది. నిలబడటమన్నది ఎవరి చేతిలోనూ లేదు. పెద్దాయన ఈ జవాబుకు ఒప్పుకోడు. ఒప్పుకున్న దాఖలాలు శాస్త్రచరిత్రలోనూ తక్కువే.

చతుర్థాధ్యాయం: కాలం

*సూత్రం: కాలాలు నాలుగు: టికెట్టు, గాలి, గడియారం, గడప.*

టికెట్టు కాలం. ఇది కాగితం మీద రాసి ఉండేది. విమానం చక్రాల కింది దిమ్మలు తీసి గేటు నుంచి వెనక్కి నెట్టిన క్షణం మొదలు, అవతలి ఊళ్ళో గేటు దగ్గర ఆగి మళ్ళీ దిమ్మలు పెట్టిన క్షణం దాకా. ఎగిరినంత సేపే ప్రయాణమనుకోవడం పొరపాటు. రన్‌వే కోసం వరసలో నిలబడటం, దిగినాక గేటు ఖాళీ లేక నిలబడటం, రెండూ ఇందులోకే వస్తాయి. కంపెనీలు ఆలస్యాలకు ముందే కొంత చోటు కలిపి రాస్తాయి. అందువల్ల అరగంట ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా సమయానికే దిగిందని ప్రకటన వస్తుంది, ప్రయాణికులు పైలట్‌ను మెచ్చుకుంటారు. ఈ కాలంలో హైదరాబాదు–దోహా నాలుగు గంటల పైచిలుకు, దోహా–డల్లాస్ దాదాపు పదహారు. మధ్యలో రెండు గంటల విరామం దొరికితే మొత్తం ఇరవై రెండు. కొడుకు చెప్పిన జవాబు ఇదే.

గాలి కాలం. పోయేటప్పటి గంటలూ వచ్చేటప్పటి గంటలూ ఒకటి కావు. డల్లాస్ నుంచి దోహాకు సాధారణంగా గంట నుంచి గంటన్నర తక్కువ పడుతుంది. కారణం, పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ గాలి. 2020 ఫిబ్రవరిలో ఈ గాలి వీపు మీద ఎక్కి ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఈ గాలిని 1920లలోనే గాలిబుడగలు ఎగరేసి కనిపెట్టిన జపాను శాస్త్రజ్ఞుడు వసాబురో ఓయిషి. లోకమంతా చదవాలన్న సదుద్దేశంతో తన నివేదికను 1926లో ఎస్పెరాంటో భాషలో అచ్చు వేయించాడు. లోకంలో ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాను మీదికి పోయిన అమెరికా బాంబర్లు ఆ గాలికి ఎదురుపడి తంటాలు పడ్డాకగాని దాని బలం లోకానికి తెలిసిరాలేదు. శాస్త్రకారులు తమ గ్రంథాన్ని ఏ భాషలో రాయాలన్నది తేలిగ్గా నిర్ణయించరాదని దీనివల్ల తెలుస్తుంది. ఈ గ్రంథం తెలుగులో ఉండటానికి అదీ ఒక కారణం.

గడియారపు కాలం. మన గడియారానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ కాకినాడకు కాస్త పక్కగా పోతుంది. డల్లాస్ గడియారం దానికి శీతాకాలంలో 11½ గంటలు, వేసవిలో 10½ గంటలు వెనక. మన ఇళ్ళల్లో దీనికొక వాడుక లెక్క ఉంది: పగలును రాత్రి చేసి, చలికాలమైతే అరగంట, వేసవైతే గంటన్నర కలపడం. ఇక్కడ రాత్రి తొమ్మిదయితే చలికాలంలో అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారాలు మారిన తర్వాత ఒక వారం పాటు తల్లులు ఫోను చేసే వేళ తప్పి మీటింగులో ఉన్న కొడుకులను పట్టుకుంటారు.

ఈ కాలమే తండ్రిగారి జవాబుకు మూలం. చలికాలంలో హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి ఇరవై రెండు గంటలు ప్రయాణం చేసినవాడు డల్లాస్‌లో అదే తేదీ మధ్యాహ్నం రెండున్నరకు దిగుతాడు. గోడ గడియారాల ప్రకారం పట్టింది పదిన్నర గంటలే. మిగిలిన పదకొండున్నర ఎక్కడికి పోయాయంటే, ఎక్కడికీ పోలేదు. తిరుగు టికెట్టులో అసలుతో సహా వసూలవుతాయి. డల్లాస్‌లో ఆదివారం సాయంత్రం ఏడింటికి ఎక్కినవాడు ఇరవై రెండు గంటల లెక్కనే హైదరాబాదులో మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు దిగుతాడు. సోమవారం ఆకాశంలో ఖర్చయిపోయింది.

అది కార్తీక సోమవారమైతే? ఉపవాసం ఉండి నక్షత్రదర్శనం చేసి భోంచేయాలి. సూర్యుడికి ఎదురుగా తూర్పుకు పోతున్నవాడికి పగలు కుదించుకుపోతుంది. పొద్దు పొడవడానికీ గుంకడానికీ మధ్య చాలా తక్కువ గంటలు. కిటికీ సీటు దొరికితే నక్షత్రాలు మామూలు కన్నా ముందే కనిపిస్తాయి. వ్రతం సుగమం. అదే పోయేటప్పుడు సోమవారం వచ్చిందా, సూర్యుడి వెనకే పరుగు గనుక పగలు ముగియదు, నక్షత్రం రాదు, ఎయిర్ హోస్టెస్ రెండుసార్లు భోజనం తెచ్చి రెండుసార్లూ తిరిగి తీసుకుపోతుంది. కనుక కార్తీకమాసంలో సోమవారం అమెరికా నుంచి రావడం మేలు, అమెరికాకు పోవడం కీడు. ఇది ఈ గ్రంథంలో తొలిసారిగా ప్రతిపాదించిన ధర్మసూక్ష్మం.

పట్టణాలను ఇలా పగలు–రాత్రి తలకిందులుగా జోడించే ఆలోచన మన సిద్ధాంతాల్లో లేదా అంటే ఉంది. లంకలో సూర్యోదయమైనప్పుడు సిద్ధపురంలో అస్తమయమనీ, యవకోటిలో మధ్యాహ్నమనీ, రోమకంలో అర్ధరాత్రనీ ఆర్యభటీయంలో ఉంది. ఆ లంక ఉజ్జయిని రేఖ మీద ఉంటుంది. ఉజ్జయిని రేఖకు సరిగ్గా ఎదుటి రేఖ 104 డిగ్రీల పశ్చిమం. డల్లాస్ 97 డిగ్రీల దగ్గర. అంటే సిద్ధపురమే డల్లాస్ అనీ, మన ప్రాచీనులకు టెక్సస్ తెలుసుననీ, హెచ్1బీ వీసా సంగతి కూడా లుప్తమైపోయిన ఏదో తాళపత్రంలో ఉండే ఉంటుందనీ ఒక వర్గం పండితులు వాట్సాప్‌లో రేపు ఉదయానికల్లా స్థాపించగలరు. ఈ సిద్ధాంతానికి అడ్డు ఒకటే. ఆర్యభటుడి నాలుగు పట్టణాలూ భూమధ్యరేఖ మీదివి. ఆ లెక్కన సిద్ధపురం గలాపగోస్ దీవులకు ఇంకా పడమట, పసిఫిక్ సముద్రం నడుమ ఉండాలి. అక్కడ నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. ఆర్యభటుడు గోళాన్ని నాలుగు సమభాగాలు చేసి గుర్తు కోసం పేర్లు పెట్టాడు. లెక్క పక్కాగా కట్టి, ఊరు ఊహించుకున్నాడు. మనం ఊరు పక్కాగా కొనుక్కుని, లెక్క ఊహించుకుంటున్నాం.

గడప కాలం. ఇది పెద్దమ్మ చెప్పినది. శాస్త్రకారులు ఎక్కువగా ఉపేక్షించిందీ ఇదే. గడప కాలం ఇంటి గడప దాటినప్పుడు మొదలయి అవతలి గడప దాటినప్పుడు ముగుస్తుంది. విజయవాడ నుంచి శంషాబాద్ 270 కిలోమీటర్ల పైచిలుకు. మూడు గంటల ముందు కౌంటర్ దగ్గరుండాలని టికెట్టు అంటుంది, అయిదు గంటల ముందు ఉంటే నష్టమేమిటని నాన్నగారంటారు, దారిలో టైరు పోతేనో అని బాబాయి అంటాడు. ముగ్గురి మాటా కూడితే తెల్లవారుజామున నాలుగింటి విమానానికి కిందటి రోజు మధ్యాహ్నం భోజనాలు కాగానే ఇన్నోవా కదలాలి. ఎక్కేవాళ్ళు ఇద్దరు. దింపడానికి వచ్చేవాళ్ళు ఏడుగురు.

అంతకన్నా ముందు తూకం ఉంది. ఒక్కొక్కరికి ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు. ఇంట్లో మనుషులు ఎక్కే బరువు మిషను హాలు మధ్యకు తెస్తారు. పెట్టెను దాని మీద నిలబెడితే అంకె పెట్టె కిందే దాగిపోతుంది. కనుక బావగారు పెట్టెను ఎత్తుకుని ఎక్కుతారు. పిల్లవాడు నేల మీద బోర్లా పడుకుని అంకె చదువుతాడు. తర్వాత బావగారు ఒట్టి చేతులతో ఎక్కుతారు. తేడా తీస్తారు. "తొంభై ఎనిమిదిన్నరలో డెబ్బై నాలుగు పోతే?" "ఇరవై నాలుగున్నర. సున్నుండలు తీసెయ్." "సున్నుండలు తీయనయ్యా, నీ ప్యాంట్లు తియ్యి." ఈ వివాదంలో సున్నుండలే గెలుస్తాయి. స్వగృహ దుకాణంలో గాలి తీసి ప్యాక్ చేయించిన ఆవకాయ పొట్లం మీద ఇంకో కవరు, దాని మీద ఇంకో కవరు, దాని చుట్టూ పాత తువ్వాలు. కరివేపాకు మాత్రం పెట్టనివ్వరు. పచ్చి కరివేపాకుకు అమెరికా వ్యవసాయశాఖ నిషేధం ఉంది, నిమ్మజాతి చెట్లకు తెగులు పట్టించే పురుగు దాంతో వస్తుందని. అమ్మమ్మ దీన్ని నమ్మదు. తన జీవితంలో కరివేపాకు వల్ల చెడిన నిమ్మచెట్టును చూడలేదంటుంది.

విమానంలోకి చేరాక గడప కాలం కొత్త రూపం దాలుస్తుంది. ముందు సీటు వీపు మీద చిన్న తెరలో ఒక బొమ్మ విమానం, దాని వెనక ఒక గీత, కింద "గమ్యానికి 9:42". ప్రయాణికురాలు చీర కొంగు కప్పుకుని కళ్ళు మూస్తుంది. చాలాసేపు నిద్రపోయినట్టే ఉంటుంది. కళ్ళు తెరిస్తే 9:31. బొమ్మ విమానం ఇంతకు ముందున్న సముద్రం మీదే ఉంది. ఈ దశలో నిమిషానికి ఉన్న నిడివి నేల మీది నిమిషానికి లేదు. ఎంత ఎక్కువన్నది పెద్దమ్మలు మాత్రమే చెప్పగలరు. వాళ్ళు చెప్పినదే శబ్దప్రమాణం.

దిగినాక ఇంగ్లీషు రాకపోయినా దారి తప్పకుండా ఉండటానికి చక్రాల కుర్చీ రాయించుకునే సంప్రదాయం మనవాళ్ళది. రోజూ రెండు మైళ్ళు నడిచే మామగారు ఆ కుర్చీలో కూర్చుని, చేతిలో పాస్‌పోర్టుతో పాటు కొడుకు రాసిచ్చిన చీటీ పట్టుకుని, సురస నోట్లోంచి నిరాయాసంగా బయటపడతారు. అయినా గడప కాలం అక్కడితో ముగియదు. ఒంట్లోని గడియారం గంట తేడాకు రోజు చొప్పున సర్దుకుంటుందని వైద్యుల మోటు లెక్క. ఆ లెక్కన డల్లాస్‌కు పది, పదకొండు రోజులు. అన్నాళ్ళూ తెల్లవారుజామున మూడింటికి ఫ్రిస్కోలోని ఆ ఇంట వంటగదిలో దీపం వెలుగుతుంది. అత్తగారు ఫిల్టరులో డికాషన్ వేసి, గిన్నెల చప్పుడు కాకుండా కాఫీ కలుపుకుని, హైదరాబాదులో ఇప్పుడెంతయిందో వేళ్ళ మీద లెక్క వేస్తుంటారు. ఒంటి గడియారం జన్యువుల్లోనే ఉందని తేల్చిన ముగ్గురు అమెరికన్లకు 2017లో నోబెల్ వచ్చింది. అత్తగారికి వచ్చింది మాత్రం కోడలి చూపు.

సిద్ధాంతం

దూరం భూమిది. అది 14,400 కిలోమీటర్లు, ఒక్క మీటరు బేరానికి లేదు. గంటలు అడిగినవాళ్ళవి. కాబట్టి "ఎన్ని గంటలు?" అన్నవారికి ముందు వాళ్ళ మొహం చూసి జవాబు చెప్పాలి.

సెలవు పెట్టి దింపడానికి వచ్చినవాళ్ళకు టికెట్టు కాలం చెప్పాలి, వాళ్ళు ఆఫీసులో చెప్పుకుంటారు. డబ్బు పెట్టి టికెట్టు కొన్న అల్లుడికి గాలి కాలం చెప్పాలి, తిరుగు ప్రయాణంలో మిగిలిన గంటన్నర చూసి సంతోషిస్తాడు. ప్రయాణం అంటే భయపడి ఇంకా సరేననని తల్లికి గడియారపు కాలమే చెప్పాలి: "పదిన్నర గంటలేనమ్మా, తెల్లవారుజామున ఎక్కితే ఆ మధ్యాహ్నానికి అక్కడ." ఇది అబద్ధం కాదని చతుర్థాధ్యాయంలో నిరూపించాం. వెళ్ళి ఆర్నెల్లు ఉండి, మనవడికి నామకరణం చేసి, నడుం నొప్పితో తిరిగొచ్చిన పెద్దమ్మ అడిగితే ఏమీ చెప్పకూడదు. ఆమెనే అడగాలి.

ఫలశ్రుతి

ఈ గ్రంథాన్ని ప్రయాణానికి ముందు శ్రద్ధగా చదివినవారికి నడవ పక్క సీటు సిద్ధిస్తుంది. మధ్య సీటు దోషం తొలగుతుంది. వెనక వరసలోని పసిబిడ్డ దోహాలోనే దిగిపోతుంది. పెట్టె సరిగ్గా 22.9 కిలోలు తూగుతుంది.

భోజన విషయంలో మాత్రం ఈ గ్రంథం ఏ ఫలమూ చెప్పదు. టికెట్టు కొనేటప్పుడు భోజనాల జాబితాలో "హిందూ మీల్" అన్న మాట చూసి ముచ్చటపడి దాన్నే రాయించుకున్న శాకాహారికి పదకొండు వేల మీటర్ల ఎత్తున వచ్చేది సాధారణంగా కోడికూర. కావలసింది "ఇండియన్ వెజిటేరియన్". రెంటికీ తేడా తెలియక మూత తీసినవారికి తర్వాతి పదహారు గంటలు ఎంత పొడవో లెక్క కట్టే పద్ధతి ఆర్యభటుడూ చెప్పలేదు, మేమూ చెప్పలేం.